చెవిలో చెప్పండి: రైలు వెళ్లింది, వినబడలేదు!

వినాయక చవితి మైకులు ఆగి నెల కూడా కాలేదు కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చప్పుళ్ల మీదే. అన్నీ వేయడానికి చోటు లేదు. ఒకదానికొకటి ముడిపడిన ఐదు ఉత్తరాలు ఏరాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి, మిగిలినవాటికి పునాది అదే.

మేడం, పెళ్లయ్యి గోపాలపట్నం వచ్చి ఆరు నెలలైంది. సింహాచలం స్టేషన్ దాటాక పట్టాల పక్కనే మా ఇల్లు. మొదటి పది రోజులు కంటిమీద కునుకు లేదు, గూడ్సు బండి మంచం కింద నుంచి వెళ్తున్నట్టుండేది. ఇప్పుడు అసలు తెలియడం లేదు. పోయిన వారం మా అమ్మ నర్సీపట్నం నుంచి వచ్చి రెండు రాత్రులు మంచం మీద కూర్చునే ఉంది. "నీకేమైనా చెవులు పోయాయా ఏంటే" అని ఒకటే గొడవ. నిజంగా చెవి పరీక్ష చేయించుకోవాలా?

అక్కర్లేదమ్మా. పొద్దున్నే పాలవాడు బెల్లు కొడితే లేస్తున్నారా? పక్కగదిలో మీవారు మాట్లాడితే వినిపిస్తోందా? అయితే మీ చెవులు బాగానే ఉన్నాయి. రైలు చప్పుడు ఈ రాత్రి కూడా మీ చెవిలోకి మొదటి రోజు ఎంత వెళ్లిందో అంతే వెళ్తోంది. మారింది ఆ పైన, మెదడులో.

ఆ మార్పు కంటికి కనపడేదే. నేను చాలా ఏళ్లు ఈఈజీ గదుల్లో, అంటే మెదడులోని కరెంటుని నెత్తిమీద నుంచి గీతగా తీసే చోట, పనిచేసినదాన్ని. ఒకసారి మిషను సర్వీసుకొచ్చి బాగుచేసి వెళ్లాక, సరిగ్గా ఉందో లేదో చూద్దామని నా నెత్తికే ఎలక్ట్రోడ్లు అంటించుకున్నాను. నడినెత్తిన ఒకటి, చెవుల వెనక రెండు. ఆ జెల్ తలస్నానం చేసినా రెండు రోజులు వదలదు. ఫ్యాను, ట్యూబులైటు ఆపాలి, లేకపోతే మన కరెంటులోని 50 హెర్ట్‌జ్ గీత తెరనిండా చేరి మెదడు గీతని మింగేస్తుంది. మే నెల, విశాఖ ఉక్కపోత, ఫ్యాను లేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "టీక్" అని ఒక శబ్దం. శబ్దం మొదలైన సుమారు 100 మిల్లీసెకన్లకి, అంటే సెకనులో పదో వంతుకి, గీత గబుక్కున ఒక అల వేస్తుంది. ఈ అలని మావాళ్లు ఎన్‌1 అంటారు. మెలకువగా ఉన్న మనిషిలో శబ్దానికి ఇలాంటి అల వస్తుందని 1939లోనే అమెరికాలో పౌలిన్ డేవిస్ అనే ఆవిడ రాశారు. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి ఈఈజీ గురించి మొదటిసారి ప్రచురించింది 1929లో. అంటే అప్పటికి పదేళ్లే.

ఆ అల ఎంతనుకున్నారు? మీ గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్ ఒకటిన్నర వోల్టు. దాన్ని లక్షన్నర ముక్కలు చేస్తే ఒక ముక్క పది మైక్రోవోల్టులు. బాగా పెద్ద ఎన్‌1 అల అంటే ఆ ఒక్క ముక్క.

ఇప్పుడు అసలు సంగతి. సెకను తర్వాత అదే "టీక్" మళ్లీ వస్తే అల అంత ఉండదు, చాలా పడిపోతుంది. పెద్ద పతనమంతా ఒకటో శబ్దానికీ రెండోదానికీ మధ్యే జరిగిపోతుంది. మూడు, నాలుగు వచ్చేసరికి ఇంకొంచెం తగ్గి, ఇక అక్కడే కుదురుకుంటుంది. ఓ పది సెకన్లు ఆపి మళ్లీ వినిపించండి, అల దాదాపు మొదటంత పైకి లేస్తుంది. చెవి నుంచి వెళ్లే వార్త అదే, పుచ్చుకునేవాడు మాత్రం "ఆఁ తెలుసులే" అంటున్నాడన్నమాట. మీ రైలు విషయంలో ఇదే వ్యవహారం రోజులూ వారాల మీద జరిగింది. దానికి ఈ ఒక్క అల లెక్కే సరిపోదు, ఇంకా చాలా పొరలున్నాయి. కానీ దారి అదే.

మీ అమ్మగారి దగ్గరికి వద్దాం, ఆవిడ కేసు నాకు మీకంటే ఆసక్తిగా ఉంది. కొత్తచోట మొదటి రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్రపట్టదని మన పెద్దవాళ్లకి తెలిసిందే. 2016లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు మనుషుల్ని కొత్తచోట పడుకోబెట్టి, నిద్రలో వరసగా ఒకే శబ్దం వినిపిస్తూ మధ్యమధ్యలో వేరే శబ్దం కలిపి చూశారు. మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోలేదు, తేడా శబ్దం వచ్చినప్పుడు ఆ ఎడమ వైపు అల పెద్దదిగా లేచింది. తర్వాతి రాత్రులకి ఆ తేడా పోయింది. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతాయంటారు చూడండి, దానికి మన పేద చుట్టరికం ఇది. కాబట్టి మీ అమ్మగారికి కొత్త ఇల్లు ఒకటి, రైలు రెండోది. ఈసారి రెండు రాత్రులకే పంపించేయకుండా ఓ వారం ఉంచుకుని చూడండి, ఆవిడే గురక పెడతారు.

అయితే ఒక్క మెలిక. మెలకువ రాకపోవడం అలవాటవుతుంది కానీ గుండె అంత తొందరగా అలవాటు పడదు. రోడ్ల పక్కన, పట్టాల పక్కన ఏళ్లుగా ఉంటున్నవాళ్లలో కూడా బండి వెళ్లినప్పుడల్లా నిద్రలోనే గుండె కొట్టుకునే వేగం ఒక్కసారి పెరిగి తగ్గడం కనబడింది. పొద్దున్న వాళ్లకి ఏమీ గుర్తుండదు. మన దేశంలో నివాస ప్రాంతాలకి రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్ అని 2000 సంవత్సరపు నిబంధనల్లో ఉంది, పట్టాల పక్కన ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది లెండి. వీలుంటే మంచం పట్టాల వైపు గోడకి కాకుండా అవతలి గోడకి వేయించుకోండి, ఆ వైపు కిటికీ సందుల్లో రబ్బరు బీడింగు పెట్టించండి. ఖర్చు పెద్దగా కాదు.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, ఎంవీపీ కాలనీ. ఒకే శబ్దం పదేపదే వింటే మెదడు స్పందన తగ్గుతుందని మా సార్ చెప్పారు. అంటే న్యూరాన్లు అలిసిపోవడమే కదా మేడం? దానికి అంత పెద్ద పేర్లెందుకు?

నీ అనుమానం చాలామంది పెద్ద శాస్త్రవేత్తలకీ వచ్చిందే నాయనా, సిగ్గుపడక్కర్లేదు. కొంత నిజం కూడా. పని చేసిన కణానికి మళ్లీ సిద్ధం కావడానికి సమయం పడుతుంది, కణం నుంచి కణానికి వెళ్లే రసాయనం కూడా వరసగా వాడితే తగ్గుతుంది. సముద్రపు నత్త మీద ఎరిక్ కాండెల్ చూపించినది ఇలాంటిదే, ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. మొత్తం కథ అంతే అయితే మాత్రం నేను ఈ శీర్షిక ఇంత పొడుగు రాయను.

నీకు సంగీతం కచేరీలకి వెళ్లే అలవాటుందా? లేకపోతే ఒకసారి కళాభారతికి వెళ్లి తంబురా దగ్గరగా కూర్చో. మొదట్లో ఆ మోత తప్ప ఇంకేం వినబడదు. పది నిమిషాలయ్యేసరికి తంబురా అనేది ఒకటుందనే మర్చిపోతావు, పాట మాత్రమే మిగులుతుంది. ఇంతలో ఒక తీగ రవ్వంత జారిందనుకో, గాయకుడి చెయ్యి బిరడా మీదికి వెళ్లేలోపే నీ చెవి చివుక్కుమంటుంది. అలిసిపోయినవాడికి రవ్వంత జారుడు ఎలా పట్టుబడుతుంది? వినడం మానేసినవాడికి అసలెలా పట్టుబడుతుంది?

దీన్ని ప్రయోగంగా చేసి 1978లో ప్రచురించింది ఫిన్లాండుకి చెందిన రిస్టో న్యాటానెన్, ఇద్దరు సహచరులతో కలిసి. ఒకే శబ్దం వరసగా వస్తుంటుంది, అప్పుడప్పుడు దాని మధ్యలో కొంచెం తేడా ఉన్న శబ్దం. ఆ తేడా శబ్దానికి, తేడా మొదలైన 100 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య ఒక అదనపు అల వస్తుంది. పేరు మిస్‌మ్యాచ్ నెగటివిటీ, ముద్దుగా ఎంఎంఎన్. మనిషి శబ్దాల వైపు చెవి పెట్టక్కర్లేదు, పుస్తకం చదువుకుంటున్నా, మాటల్లేని సినిమా చూస్తున్నా వస్తుంది.

"వేరే శ్రుతి అయితే వేరే కణాలు, అవి అలిసిపోలేదు కాబట్టి గట్టిగా పలికాయి, అంతేగా?" అని నువ్వు అడగచ్చు. అడగాలి కూడా. అందుకే వాళ్లు శ్రుతి మార్చకుండా శబ్దాన్ని *తగ్గించి* చూశారు. వరసగా గట్టి శబ్దాలు, మధ్యలో ఒకటి మెల్లగా. అలసట సిద్ధాంతం ప్రకారం మెల్లటి శబ్దానికి అల ఇంకా చిన్నదవ్వాలి. కానీ ఎంఎంఎన్ వచ్చింది. ఇంకా విచిత్రం, శబ్దాలు బాగా దగ్గరదగ్గరగా, సెకనుకి ఏడెనిమిది చొప్పున వస్తున్నప్పుడు మధ్యలో ఒకటి ఎగరగొట్టినా మెదడు అల వేస్తుంది. అక్కడ శబ్దమే లేదు! లేనిదానికి స్పందించాలంటే, అది రావాలని ముందే లెక్క వేసుకుని ఉండాలి కదా. రష్యాలో సోకొలోవ్ 1960 ప్రాంతాల్లోనే అన్నది ఇదే, మెదడు తాను విన్న వరస నమూనా ఒకటి లోపల కట్టుకుంటుందని, వచ్చేది దానితో సరిపోతే ఊరుకుంటుందని, సరిపోకపోతే తల తిప్పుతుందని. నా మటుకు నాకు ఈ లెక్కే నచ్చుతుంది, అలసట అందులో ఒక పావు భాగస్తుడు.

ఈ అల అప్పుడే పుట్టిన పిల్లల్లోనూ కనిపిస్తుంది. కోమాలో ఉన్నవాళ్లలో ఇది కనబడితే తిరిగి స్పృహలోకి వచ్చే అవకాశం ఎక్కువని కూడా చూశారు, కనబడనంత మాత్రాన ఆశ వదులుకోమని కాదు. ఇంకో ముచ్చట చెప్పి వదిలేస్తాను. ఎస్టోనియన్ భాషలో ఒక అచ్చు ఉంది, పక్కనే ఉన్న ఫిన్నిష్‌లో అది లేదు. ఆ అచ్చుని వరస మధ్యలో వినిపిస్తే ఎస్టోనియన్ల మెదళ్లు పెద్ద అల వేశాయి, ఫిన్నిష్‌వాళ్లవి చిన్నది. 1997 నాటి పని అది. మనకి "కల"కీ "కళ"కీ తేడా వినగానే తెలిసిపోవడం, ఢిల్లీ నుంచి బదిలీ మీద వచ్చిన మా పక్కింటావిడకి పదేళ్లయినా తెలియకపోవడం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మీ సార్ ఇంకొకటి చెప్పి ఉంటారు, అర సెకను తేడాతో రెండు క్లిక్కులు వినిపించి రెండోదానికి 50 మిల్లీసెకన్ల దగ్గరి అల ఎంత తగ్గిందో చూసే పరీక్ష. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి అది సరిగ్గా తగ్గదు. గుంపుల మధ్య పోలికకి పనికొచ్చే సంగతి అది. ఎవరైనా ఈ ఒక్క గీత చూసి ఒక మనిషికి ఆ జబ్బుందో లేదో తేలుస్తామంటే నమ్మి డబ్బులు కట్టకండి.

మా బాబుకి రెండేళ్లు, మాటలు రాలేదు. చెవి వినికిడి చూడటానికి బేరా అనే పరీక్ష రాశారు, వచ్చే వారం ఉంది. మధురవాడ నుంచి వెళ్లాలి. దాంట్లో ఒకే టిక్కు శబ్దం వేలసార్లు వినిపిస్తారట. పదేపదే వింటే మెదడు పట్టించుకోదంటారు కదా, మరి రిపోర్టు తప్పు రాదా? నిద్రలో చేస్తే వాడికేం వినిపిస్తుంది?

తండ్రిగా మీరు అడిగిన ఈ ప్రశ్న చాలామంది మా కోర్సు పిల్లలకి కూడా తట్టదు. భయం వద్దు. బేరాలో చూసేది నేను పైన చెప్పిన అల కాదు. అది మెదడు పైపొరది, 100 మిల్లీసెకన్ల దగ్గర వస్తుంది. బేరా చూసేవి శబ్దం వచ్చిన మొదటి పది మిల్లీసెకన్లలో చెవి నరం, మెదడు కాండం వేసే చిట్టి అలలు. 1970, 71ల్లో జ్యువెట్, విలిస్టన్ అనే అమెరికన్లు వీటికి ఒకటి, రెండు, మూడు అని నెంబర్లు వేశారు. మాకు ముఖ్యమైనది ఐదోది. ఆ కింది మెట్లలో "తెలుసులే" అనే గుణం చాలా తక్కువ, వెయ్యోసారి కూడా మొదటిసారిలాగే పలుకుతాయి. టిక్కుల వేగం బాగా పెంచితే కొంచెం ఆలస్యమవుతాయి, అంతే. నిద్ర, మత్తు కూడా వాటిని పెద్దగా కదిలించవు. అందుకే ఈ పరీక్ష నిద్రపోయే పిల్లలకి సరిపోయింది.

మరి వేలసార్లు ఎందుకంటే, ఆ ఐదో అల ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. చుట్టూ మెదడు మామూలు గీతలు దానికి పదులరెట్లు. చేపల రేవులో వేలం పాట మధ్య ఎవరో మెల్లగా మీ పేరు పిలిచినట్టు. ప్రతి టిక్కుకీ వచ్చిన గీతల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే, టిక్కుతో సంబంధం లేని గోల ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోయి చెల్లిపోతుంది, టిక్కుకి కట్టుబడినది మిగులుతుంది. రెండు వేల టిక్కులకి గోల సుమారు 45వ వంతుకి దిగుతుంది, వర్గమూలం లెక్క. తెర మీద కొన్నిచోట్ల "సెకనుకి 21.1" అని వింత అంకె కనబడుతుంది, గుండుగా 25 పెట్టకుండా ఇదేంటి అనుకోకండి. 25 పెడితే మన 50 హెర్ట్‌జ్ కరెంటు గీత ప్రతి టిక్కుకీ ఒకే చోట పడి సగటులో చెల్లిపోకుండా కూర్చుంటుంది. దాన్ని తప్పించడానికే ఆ పాయింటు ఒకటి.

ఇక అసలు కష్టం సైన్సు కాదు, నిద్ర. పొద్దున్నే లేపేసి, పగలు కునుకు తీయనివ్వకుండా తీసుకురమ్మంటారు. మీరు మధురవాడ నుంచి ఆటో ఎక్కించగానే హనుమంతవాక దాటకుండా వాడు నిద్రపోతాడు, గది ముందుకొచ్చేసరికి ఫ్రెష్‌గా లేస్తాడు, ఇక నిద్రకిచ్చే సిరప్ వేసినా గంటన్నర వరండాలో పరుగులే. ఎన్ని వందల మందిని చూశానో. ఆటోలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండండి, ఒకరు వాణ్ణి ఆడించడానికే. తలకి ముందురోజే స్నానం చేయించండి, నూనె రాయకండి, నూనె ఉంటే ఎలక్ట్రోడ్ పట్టదు. పరీక్షకి ముందు ఏం పెట్టచ్చో, ఎప్పుడు ఆపాలో అక్కడివాళ్లు చెప్పినట్టే చేయండి, మత్తు మందు సంగతి కాబట్టి. రిపోర్టులో ఒకే గీత రెండుసార్లు గీసినట్టు కనబడితే అదే మంచి పని, రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయా అని చూసుకోవడానికి చేస్తారు.

ఆటోనగర్లో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో 19 ఏళ్లుగా గ్రైండింగ్ పని. కొత్త సూపర్‌వైజర్ చెవులకి మఫ్స్ పెట్టుకోమని చంపుతున్నాడు. మాకు అలవాటైపోయిన చప్పుడు, ఇప్పుడు కొత్తగా ఎందుకు?

అలవాటైంది మీ మెదడుకి అన్నా, చెవికి కాదు. పైన రాసినదంతా మెదడు కథ. చెవిలోపల నత్తగుల్లలాంటి భాగంలో ఒక్కోవైపు సుమారు పదిహేను వేల వెంట్రుక కణాలుంటాయి, మనుషుల్లో అవి పోతే మళ్లీ మొలవవు, వాటికి అలవాటు పడటం రాదు. 85 డెసిబెల్ అయితే ఎనిమిది గంటలు అని ఒక లెక్క ఉంది, మూడు డెసిబెల్ పెరిగినప్పుడల్లా సమయం సగం. 100 దగ్గర పావుగంటే. గ్రైండరు పక్కన ఇద్దరు మాట్లాడుకోవాలంటే అరవాల్సి వస్తోందా లేదా, మీటరు లేకపోయినా అదే గుర్తు.

"నాకేం, బాగానే వినబడుతోంది" అంటారేమో. మొదట పోయేది 4000 హెర్ట్‌జ్ దగ్గర, అది మాటలో స, శ, త లాంటివి పలికే ఎత్తు. అందుకే మాట వినిపిస్తుంది, అర్థం కాదు. ఇంట్లో టీవీ సౌండు పెంచుతున్నది ఎవరు? మనవరాలి మాటలకి "ఆఁ? ఏంటి?" అంటున్నది ఎవరు? డ్యూటీ దిగాక చెవిలో గుయ్‌మంటోందా? ఒకసారి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకోండి, అరగంట పని. ఆ సూపర్‌వైజర్ మీద కోపం పెట్టుకోకండి, నా ఓటు ఆయనకే.

మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. నాలుగున్నరకి అలారం పెట్టుకుంటాడు, ఇల్లంతా లేస్తాం, వాడు లేవడు. మొదట్లో లేచేవాడు. అక్కయ్యపాలెం.

ఏ పాట పెట్టాడో రెండు నెలలుగా అదే పాట అయ్యుంటుంది. వారానికోసారి మార్చమనండి, శ్రుతి వేరుగా ఉండేది, ఫోను చేతికందకుండా బీరువా మీద పెట్టండి. దానికన్నా ముందు వాడు పడుకునేదెప్పుడో చూడండి, పన్నెండున్నరకి పడుకునేవాణ్ణి నాలుగున్నరకి ఏ అలారమూ లేపదు, లేపకూడదు కూడా.

ఇంకో మందుంది. నిద్రలో శబ్దం వినిపిస్తే ఈఈజీలో ఒక పెద్ద కొండలాంటి అల వస్తుంది, కె-కాంప్లెక్స్ అంటారు. వరసగా పేర్లు వినిపిస్తూ మధ్యలో ఆ మనిషి సొంత పేరు కలిపితే, దానికి ఆ కొండలు ఎక్కువగా వస్తాయని 1960లోనే చూశారు. కాబట్టి అలారం పక్కన పెట్టి పేరు పెట్టి పిలవండి. రోజూ పిలుస్తున్నాను, అయినా లేవట్లేదు అంటారా, అయితే మీ గొంతు కూడా ఆ పాటలాగే అయిపోయిందన్నమాట. ఓ వారం వాళ్ల నాన్నగారిని పిలవమనండి.